గుసగుస పరీక్ష

జూలై 9, బుధవారం

ఆర్డిత్, ఎలా ఉన్నావే? ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకోకు. షాపులో ఊపిరి తిప్పుకోనివ్వట్లేదు. ఈ ఎండలకి టెక్సస్ తీరంలో ఉన్న మోటార్‌హోములన్నీ, ఆ చక్రాల మీది ఇళ్ళన్నీ, ఏసీల కోసం నా గుమ్మం ముందే ఉన్నాయి. ఎల్డన్ తుంటి ఎలా ఉంది? నడిపిస్తున్నారా? నేను రేపో ఎల్లుండో

ఇక్కడిదాకా టైపు కొట్టి ఆపేశా. మూడు వారాల్లో ఇది నాలుగో ఉత్తరం. పంపనని నాకు తెలుసు. చెరపడమెందుకని ఇక్కడే ఉంచేస్తున్నా, రబ్బరు పట్టీల స్టాకు ఫైలు అడుగున. మా తమ్ముడు రాయిస్ చచ్చినా ఈ ఫైలు తెరవడు.

జరిగింది వరసగా పెడితే మనసు తేలికపడుతుందేమో. మే నెలాఖర్లో ఆర్డిత్ వాళ్ళ బండి కప్పు మీద ఏసీ నేనే బిగించా. జూన్ పద్దెనిమిది పొద్దున పదిన్నరకి ఎల్డన్ బండిలో వెనకవైపున్న బాత్రూంలో పడ్డాడు. ఆర్డిత్ ముందువైపు బల్ల దగ్గర, సరిగ్గా ఏసీ కింద కూచుని బఠాణీలు ఒలుస్తోంది. మొగుడు పిలిచాడు. నలభై నిమిషాలు పిలిచాడు. ఆవిడకి వినపడలేదు.

ఇరవై రెండు అడుగుల బండి. ఆ చివర్నుంచి ఈ చివరికి ఎనిమిది అంగలు.

వాళ్ళుండే బండ్ల పార్కులో అందరూ ఏసీ మోత వల్లే అంటున్నారట. మోతేంటి? నేను పరీక్ష చేసి ఇచ్చిన మిషను అది. ఎల్డన్‌కి గొంతు ఆపరేషనయ్యాక గొంతే లేదు, మూసిన తలుపు అవతల నుంచి మాట్లాడినట్టుంటుంది. ఎవరికి మాత్రం వినపడుతుంది?

జూలై 10

ఈ మధ్య జనం నోరు తెరిచి మాట్లాడ్డం మానేశారు. అందరూ గొణుక్కోవడమే. ఒకడైతే మూడుసార్లు అడిగించుకుని, విసుక్కుని, కాగితం మీద రాసిచ్చి వెళ్ళాడు. మర్యాద లేదు.

జూలై 12, శనివారం

షాపు బయట బోర్డు మీద నా చేత్తోనే రాశా, పంతొమ్మిదేళ్ళయింది: "గుసగుస వినపడకపోతే కొనొద్దు." చుట్టుపక్కల మూడు కౌంటీల నుంచి వస్తారు ఆ బోర్డు చూసి. పద్ధతి చాలా సులువు. ఏసీ బిగించాక ఫ్యాను ఫుల్లులో పెడతా. బండి వాళ్ళలో ఒకరు వెనక మంచం మీద పడుకుని తమకిష్టమైన తిండి పేరు ఒకటి గుసగుసగా అనాలి. నేను ముందు, మిషను కింద నిలబడి వింటా. నాకు వినపడితే మిషను పాసు. వినపడకపోతే విప్పేసి, దించేసి, ఇంకోటి పెడతా. పుస్తకాల్లో డెసిబెల్ లెక్కలు ఎన్నయినా వేసుకోనీ, ట్విలా స్టకీ చెవి పాసు చేస్తే పాసే. ఈ షాపుకి సరుకు కన్నా పెట్టుబడి నా చెవులే.

ఆర్డిత్ వాళ్ళ బండికీ చేశా. ఎల్డన్ మంచం మీద, నేను మిషను కింద, ఆర్డిత్ సింకు దగ్గర. నేను విన్నా. "బెండకాయ వేపుడు!" అన్నా. ఎల్డన్ ఎప్పుడూ అదే కదా అడిగేది, పార్కు భోజనాలప్పుడు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూచుంటాడు. ఆర్డిత్ చప్పట్లు కొట్టింది. "అదేంటే, నాకు వినపళ్ళేదూ?" అంది. "నువ్వు కుళాయి తిప్పుకుని కూచున్నావు కదే మహాతల్లీ" అన్నా. నవ్వుకున్నాం. ఎల్డన్ మాత్రం నన్నే చూశాడు కాసేపు. తర్వాత అతనూ నవ్వాడు.

కాబట్టి మిషను పాసయింది.

జూలై 15

రాయిస్ పొద్దున్నే గొడవ పెట్టుకున్నాడు. నేను ఏప్రిల్లో కంపెనీకి తిప్పి పంపిన రెండు చిన్న ఏసీలు, చలవ లెక్కలో పదకొండు వేల సైజువి, వాళ్ళు మళ్ళీ మనకే పంపారు. "లోపం ఏమీ లేదు, చక్కగా నడుస్తున్నాయి" అని చీటీ.

"నడవట్లేదని కదా పంపావక్కా?"

"నడవలేదు. స్విచ్చి వేసి కింద నిలబడ్డా, ఉలుకూ పలుకూ లేదు."

"నీ జుట్టు ఎగురుతోందక్కా అప్పుడు. నేను చూశా. ఏదో ఆలోచిస్తున్నావనుకున్నా."

"నోర్ముయ్, వెళ్ళి ఆ నిచ్చెన తీసుకురా."

వాడు నిచ్చెన తేలేదు. రెండు బన్నులు తెచ్చాడు, మధ్యలో ఆప్రికాట్ ముద్ద ఉన్న కొలాచీలు. నాకు కోపం వస్తే వాడు బేకరీకి పోతాడు, చిన్నప్పట్నుంచీ అంతే.

మధ్యాహ్నం వాడు భోజనానికి వెళ్ళాక ఆ చిన్నదాన్ని ఒకదాన్ని బల్ల మీద పెట్టి కరెంటిచ్చా. ఏమీ లేదు. చెయ్యి పెట్టి చూశా. చల్లగా ఉంది చెయ్యి.

కట్టేశా.

జూలై 16

ఆర్డిత్‌కి పెట్టింది పదిహేను వేల సైజు. అది కూడా విక్టోరియా ఊరి నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు మోత ఎక్కువని వెనక్కిచ్చినదే. ఉత్త చాదస్తపు మనుషులు, చీమ నడిచినా ఫిర్యాదు చేసే రకం. నాకైతే ఆ మిషను కింద హాయిగా అనిపించింది, దూరంగా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు.

ఇరవై రెండు అడుగుల బండికి పదిహేను వేలు ఎక్కువ. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నేనే జనానికి చెప్తా. పెద్దది గబగబా చల్లబరిచేసి ఆగిపోతుంది, మళ్ళీ ధడాలున లేస్తుంది, గాల్లో చెమ్మ చెమ్మగానే ఉంటుంది. సముద్రం పక్కన కావలసింది చెమ్మ లాగడం. చిన్నది తాపీగా, ఆగకుండా నడుస్తూ లాగుతుంది. చెట్టు నీడన బండి ఆపి కిటికీలకి మెరుపు రేకులు కట్టుకుంటే పదకొండు వేలు చాలు. వచ్చిన ప్రతివాడికీ వేలు చూపించి మరీ చెప్తా.

ఆర్డిత్‌కి చెప్పలేదు. పెద్దది ఉంటే మంచిదే, భయముండదు అన్నా.

జూలై 20, ఆదివారం

వెళ్ళా. ఎట్టకేలకి వెళ్ళా. కొలాచీల పెట్టె పట్టుకుని, చర్చి నుంచి నేరుగా.

ఆర్డిత్ రోజూ కార్పస్ క్రిస్టీ ఆస్పత్రికి వెళ్ళి ఎల్డన్ దగ్గర కూచుని సాయంత్రానికి వస్తోంది. ఆదివారం కాబట్టి పెందరాళే వచ్చింది. బండి ముందు గుడారం కింద, కుర్చీలో, కాళ్ళ దగ్గర ఐస్ టీ గ్లాసు. చిక్కిపోయింది. ఏసీ కట్టేసి ఉంది. ఆ ఎండలో, ఆ ఉక్కలో, కట్టేసి బయట కూచుంది.

"వచ్చావా" అంది. తిట్టలేదు. తిడుతుందని పాఠం వల్లించుకుని వెళ్ళా, కంపెనీ కాగితాలు కూడా బ్యాగులో పెట్టుకున్నా.

"ఆయన నన్ను నలభై నిమిషాలు పిలిచాడు ట్విలా. నేను బఠాణీలు ఒలిచా. గిన్నెడు ఒలిచా. పాట కూడా పాడుకున్నా."

కొలాచీల పెట్టె ఆమె పక్కన పెట్టా.

"తప్పు నాదేనే. నా చెవులు పోయాయి. మిషను బాగానే ఉంది, పరీక్ష రోజు నువ్వు అంత దూరం నుంచి ఆయన గుసగుస పట్టుకున్నావు. నాకు ఆ రోజు కూడా వినపళ్ళేదు, గుర్తుందా? కుళాయి వల్ల అన్నావు. కుళాయి కాదు. నా చెవులే."

ఇప్పుడు చెప్పాల్సింది. ఇక్కడ. ఇంతకన్నా మంచి చోటు నాకు దేవుడు కూడా ఇవ్వలేడు. చెప్పి ఉంటే ఈ ఫైలు ఇక్కడితో అయిపోయేది.

ఆమె చెయ్యి పట్టుకుని, "వయసు కదా ఆర్డిత్" అన్నా.

జూలై 21

వయసు కదా అన్నా. నేను. దానికన్నా రెండేళ్ళు పెద్దదాన్ని.

జూలై 22

ఇవాళ ఒకటి గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, ఎప్పుడూ మర్చిపోలేదు, పక్కన పెట్టా. మేలో కొనడానికి వచ్చినప్పుడు ఆర్డిత్ కౌంటరు మీదికి వంగి, నా మొహంలో మొహం పెట్టి చెప్పింది. అందుకే ప్రతి మాటా అందింది.

"చిన్నదివ్వు ట్విలా, చప్పుడు లేనిదివ్వు. చలవ కాస్త తక్కువైనా పర్లేదు, చెమటలు మాకు కొత్త కాదు. ఆయన గొంతు అంతంత మాత్రం. ఆయన పిలిస్తే నాకు వినపడాలి. నాకు కావాల్సింది అంతే."

అంతే అంది. ఒక్కటే అడిగింది.

చిన్నది నడుస్తోందో లేదో నాకే తెలియట్లేదు, అందుకని పెద్దది అంటగట్టా. నాకు వినపడిన మిషను ఊళ్ళో వాళ్ళందరికీ చెవులు పగిలే మిషను. ఇంత చిన్న లెక్క నాకు రాలేదా? వచ్చింది. ఒప్పుకుంటే బోర్డు దించాలి. బోర్డు దించితే ఇక్కడ మిగిలేది నిచ్చెనా, రబ్బరు పట్టీలు, ఒక ముసల్ది.

జూలై 23

గిరాకీ బాగుంది. మూడు ఫిట్టింగులు. పరీక్ష చెయ్యలేదు, టైము లేదని చెప్పా.

జూలై 28, సోమవారం

ఆర్డిత్ షాపుకొచ్చింది. చేతిలో గీతలున్న కాగితం. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట. రాయిస్ కూడా ఉన్నాడు, పంకాలన్నీ కట్టేసి కుర్చీ వేశాడు. ఎందుకు కట్టేశాడో అప్పుడు ఆలోచించలేదు.

"నీ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూడలేదు అందే ఆ పిల్ల డాక్టరు" అంది ఆర్డిత్.

"మరింకేం, మంచిదేగా" అన్నా.

"మంచిదా? ఏం మంచిది? చెవులు బాగున్నాయి. మిషను బాగుంది. మరి నాకెందుకు వినపళ్ళేదు?" కాగితం మడుస్తోంది, విప్పుతోంది. "విన్నానేమో ట్విలా. విని కూడా లేవలేదేమో. ఆరేళ్ళ నుంచి చూసుకుంటున్నా కదా ఆయన్ని. ఒక్కోరోజు ఇంక చాలు అనిపిస్తుంది మనిషికి. నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. నా లోపల ఏదో చెడ్డది ఉండి, అది విని, చేతులు ఆపకుండా బఠాణీలు ఒలిపించిందేమో."

"పిచ్చిదానా, అలా మాట్లాడకు."

"అయితే ఎలా మాట్లాడనే? నువ్వు చెప్పు. నువ్వే కదా విన్నావు."

రాయిస్ నన్నే చూస్తున్నాడు. నేను వాడి బూట్లు చూశా.

"ఎల్డన్‌ని చూడ్డానికి వస్తాలే ఈ వారం" అన్నా. అడిగిందేంటి, నేను చెప్పిందేంటి.

వెళ్ళిపోయింది. ఆ కాగితం కౌంటరు మీదే వదిలేసింది. గీతలన్నీ పైన, సరిగ్గా, తాడు కట్టినట్టు.

జూలై 29

షాపు తెరవలేదు.

జూలై 31, గురువారం

కార్పస్ క్రిస్టీ వెళ్ళా. ఆర్డిత్ మందుల కోసం బయటికి వెళ్ళే టైము చూసుకుని వెళ్ళా, దొంగలా. ఎల్డన్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి ఏదో అన్నాడు. నవ్వి తలూపా. మళ్ళీ ఏదో అన్నాడు. "అవునవును, ఎండలు మండిపోతున్నాయి" అన్నా.

అతను ఒళ్ళో ఉన్న తెల్ల పలక తీసుకున్నాడు. ఆస్పత్రి వాళ్ళిచ్చారట, గొంతు లేని వాళ్ళకి. రాసి నా వైపు తిప్పాడు.

"కూర్చో అమ్మాయ్ అన్నా. ఎండ సంగతి ఎవడడిగాడు?"

కూచున్నా. ఏడుపొచ్చింది. అతను రాస్తున్నాడు, చెరుపుతున్నాడు, రాస్తున్నాడు. చొక్కా చేతితోనే చెరుపుతున్నాడు.

"బెండకాయ వేపుడు" అని రాశాడు.

"ఆ రోజు నువ్వేమన్నావు ఎల్డన్? నాకు వినపళ్ళేదు. ఊహించి చెప్పా. వేరే ఏదో అన్నావు కదూ?"

చాలాసేపు పట్టింది రాయడానికి. తిప్పాడు.

"ఏమీ అనలేదు. మంచం దాకా నడిచేసరికి ఆయాసం వచ్చింది. ఊపిరి తీసుకుంటున్నా. నేను నోరు తెరిచేలోపే నీకు వినపడిపోయింది."

నాకు నవ్వొచ్చింది, నిజంగా, ఆ ఏడుపులోనే. అతను కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలు కదిపి. తర్వాత ఇద్దరం ఆగిపోయాం.

"అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఆర్డిత్ ముందు నీ పరువెందుకు తియ్యాలని. మర్నాడు నువ్వే వచ్చి మారుస్తావనుకున్నా."

రోజూ అనుకున్నాడట. ఇరవై రెండు రోజులు. బాత్రూం నేల మీద పడి ఉన్నప్పుడు కూడా, ఆర్డిత్ రాకపోతే ట్విలా వస్తుంది, ఇవాళ వస్తుంది మిషను మార్చడానికి, అనుకున్నాడట. అది కూడా పలక మీద రాశాడు. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు రాశాడు. తిట్టి ఉంటే బాగుండు.

"ఆర్డిత్‌కి చెప్పావా?"

తల అడ్డంగా ఊపాడు. పలక మొత్తం శుభ్రంగా తుడిచి, పెద్ద అక్షరాలతో రాశాడు.

"అది నీ మాట. తొందరగా చెప్పు. తిండి తినట్లేదు అది."

ఆగస్టు 5

ఆ పిల్ల డాక్టరు దగ్గరికే వెళ్ళా. గాజు గదిలో కూచోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. చాలాసేపు ఏమీ లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని ఎదురుచూస్తూ కూచున్నా. గాజులోంచి చూస్తే ఆమె చేతులు కదులుతూనే ఉన్నాయి.

అప్పుడు నొక్కాలనిపించింది. ఊరికే. వినపడకపోయినా. నా వేలు బొత్తాం మీదికి వెళ్ళింది కూడా. ఇన్నేళ్ళ అలవాటు.

నొక్కలేదు.

నా గీతలు కాగితం అడుగున ఉన్నాయి. ఇప్పటికిప్పుడు పోయినవి కాదు, ఏడెనిమిదేళ్ళయి ఉంటుందంది. చెవిలో పెట్టుకునే మిషన్లు తెప్పిస్తుంది, రెండు వారాలు పడుతుంది.

ఇంటికొచ్చి రాయిస్‌తో చెప్పా.

"నాకెప్పుడో తెలుసక్కా."

"తెలిస్తే చెప్పవేంరా వెధవా?"

"చెప్పా. చాలాసార్లు చెప్పా. నువ్వు సరే సరే అని తలూపి వెళ్ళిపోయేదానివి."

బేకరీకి బయల్దేరాడు. వద్దని కూచోబెట్టా.

ఆగస్టు 6

వెనక్కొచ్చిన చిన్న ఏసీ ఒకటి షాపు మోటార్‌హోముకి బిగించాం. పెట్టె బల్ల మీద మోగేదీ, కప్పు మీద మోగేదీ ఒకటి కాదుగా. కప్పు రేకు ఎలా పలుకుతుందో అక్కడే తెలియాలి. రబ్బరు పట్టీ సగం నలిగేదాకానే బోల్టులు తిప్పా, ఎక్కువ బిగిస్తే అదురు మొత్తం లోపలికి దిగుతుంది. చేతులకి ఇంకా పని గుర్తుంది, అదొక్కటి.

పరీక్ష రాయిస్ చేశాడు. నేను వెనక మంచం మీద పడుకున్నా. వాడు మిషను కింద నిలబడి, కళ్ళు మూసుకున్నాడు. నేను గుసగుసగా అన్నా. తిండి పేరు కాదు.

వాడు మిషను కట్టేశాడు. తర్వాత వచ్చి, మంచం అంచున కూచుని, నా మొహానికి ఎదురుగా, నిదానంగా చెప్పాడు. "వినపడిందక్కా. కానీ అది నాకు చెప్పాల్సింది కాదు."

బోర్డు దించేశాం. ఇంకోటి రాయాలి, ఏం రాయాలో తెలీదు. ప్రస్తుతానికి గోడకి నాలుగు మేకులున్నాయి.

ఆగస్టు 7, గురువారం

ఈసారి ముందు పంపేసి, తర్వాత ఇక్కడ అతికిస్తున్నా. లేకపోతే ఇది కూడా రబ్బరు పట్టీల కిందే ఉండిపోయేది.

ఆర్డిత్,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకోకు అని మొదలుపెట్టబోయా. తిట్టుకో. ఆలస్యానికి కారణం పని కాదు, ఎండలు కాదు. నీ మొహం చూడలేక.

ఎల్డన్ పిలిస్తే నువ్వు వినలేదు. నిజమే. ఆ మిషను కింద ఎవరికీ వినపడదు, లోకంలో ఎంత మంచి చెవులున్నా. నీకు చెడ్డ చెవులూ లేవు, నీ లోపల చెడ్డదీ ఏదీ లేదు. పరీక్ష రోజు నాకేమీ వినపడలేదు. ఎల్డన్ అసలు నోరే తెరవలేదు. బెండకాయ వేపుడు నేను కల్పించా. నాకు చెవులు పోయి ఏడెనిమిదేళ్ళయిందట, పోతున్నాయని నాకు తెలుసు, చెప్పుకోలేక దాచా. నువ్వు చిన్నది, చప్పుడు లేనిది అడిగావు. నేను, మోత ఎక్కువని ఒకరు తిప్పి ఇచ్చేసింది నీకు పెట్టా, ఎందుకంటే నాకు వినపడేది అదొక్కటే. ఆ తర్వాత నీ గుడారం కింద కూచుని, నీ చెయ్యి పట్టుకుని, వయసు కదా అన్నా. అన్నిట్లోకీ అదే పెద్ద తప్పు. మిగతావి చెవులు చేశాయనుకున్నా, అది మాత్రం నోరు చేసింది.

సరైన సైజుది, పదకొండు వేలది, సిద్ధంగా ఉంది. రాయిస్ చెవులతో పరీక్ష చేయించా, నావి కాదు. నీ బండి తాళం నా దగ్గరుంది, కానీ నువ్వు రమ్మనేదాకా కప్పు ఎక్కను. ఎల్డన్ ఇంటికొచ్చేలోపు ఆ పెద్దది దించాలి, నా చేత్తో వద్దనుకుంటే రాయిస్ ఒక్కడే వస్తాడు. అది నీ ఇష్టం.

అన్నం తిను. ఇందులో నువ్వు ఉపవాసం ఉండాల్సింది ఏమీ లేదు.

తిట్టాలంటే ఫోన్లో వద్దే, సగం పోతుంది. ఎదురుగా నిలబడి, నీ పెదాలు నాకు కనపడేట్టు తిట్టు. ఒక్క మాట కూడా వదులుకోను, వినపడిందని అబద్ధమూ ఆడను. మళ్ళీ చెప్పు అని అడుగుతా.

ఎప్పుడు కలుద్దాం?